మళ్ళీ కొలిచినా నిలిచే అంకె

మోతిబిందు (శుక్లం) ఆపరేషన్ అయిన కంటిని మిషన్ ముందు పెట్టి బటన్ నొక్కితే అర నిమిషంలో చీటీ బయటికొస్తుంది. స్ఫెరికల్ (అన్ని దిశల్లో ఒకేలా ఉండే పవర్) ఇంత, సిలిండర్ (ఒక దిశలో ఉండే అదనపు పవర్) ఇంత, యాక్సిస్ (ఆ దిశ కోణం) ఇంత అని అంకెలు రెండు దశాంశ స్థానాల దాకా అచ్చయి ఉంటాయి. అచ్చులో కనపడే అంకెను ఎవరూ అనుమానించరు. పేషెంటు కొడుకు ఆ చీటీ జేబులో పెట్టుకుంటాడు, కళ్ళద్దాల షాపులో చూపిస్తాడు, షాపువాళ్ళు ఆ నంబరుకే అద్దాలు కోసి ఇస్తారు. కరీంనగర్‌లో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తూ, ఆదిలాబాద్ వైపు శిబిరాలకు తిరుగుతూ నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే విలువైన పాఠం ఈ చీటీ గురించే. అదే కన్నును, అదే మిషన్ మీద, అదే కుర్చీలో మళ్ళీ కొలిచినప్పుడు అంకె దాదాపుగా అక్కడే నిలవాలి. నిలవలేదంటే మొదటిసారి వచ్చినదాన్ని ఇంకా కొలత అనడానికి వీల్లేదు.

ఆదిలాబాద్‌కు కంటి కొలతలు కొత్త కాదు. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే జరిపినప్పుడు హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలను ఎంచుకుంది. 10,293 మందిని పరీక్షించారు. నూటికి 1.84 మందికి చూపు లేదని తేలింది. ఆ చూపులేమిలో 44 శాతానికి శుక్లం కారణమైతే, 16.3 శాతానికి కారణం కేవలం సరైన కళ్ళద్దాలు లేకపోవడం. ఆపరేషన్ అయ్యాక వచ్చిన చిక్కులవల్ల చూపు పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఆ లెక్కలో ఉన్నారు. అదే సంస్థ 1990లలోనే బాసర పక్కన ముధోల్‌లో పల్లె జనం కోసం కంటి ఆస్పత్రి తెరిచింది. ఇప్పుడు ముధోల్ నిర్మల్ జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా వైపు పాతవాళ్ళకు అది ఇంకా ఆదిలాబాదే.

అప్పటికి చాలామందికి ఆపరేషన్ అంటే కంట్లోని లెన్స్ తీసేసి, సోడాబుడ్డి అద్దాలు పెట్టించుకోవడమే. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో మొదలైన శుక్లాల పథకంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ పథకం నడిచిన కాలంలోనే కంట్లో లెన్స్ పెట్టే పద్ధతి జిల్లా ఆస్పత్రుల దాకా వచ్చింది. మదురైలో 1992లో మొదలైన అరోల్యాబ్ చవకగా లెన్సులు తయారుచెయ్యకపోతే అది ఇంత త్వరగా జరిగేది కాదు. కంట్లో లెన్స్ వచ్చాక మనం అడిగే ప్రశ్న కూడా మారింది. ఒకప్పుడు, ముందు చూపిన వేళ్ళు లెక్కపెట్టగలిగితే ఆపరేషన్ పాసైనట్టే. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆపరేషన్ అయిన కళ్ళలో కనీసం 80 శాతానికి ఉన్న అద్దాలతోనే 6/18 చూపు (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి పోల్చే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి పోల్చడం) రావాలంది. ఇప్పుడు దేశాల పనితీరు లెక్కగట్టేటప్పుడు 6/12 దగ్గర గీత గీస్తున్నారు. వేళ్ళు కనిపిస్తున్నాయా అన్న ప్రశ్నకు అర డయాప్టర్ (అద్దాల నంబరులో అర) తేడా అడ్డం రాదు. 6/12 గీత దగ్గర అదే తేడా మనిషిని గీతకు ఇవతల ఉంచుతుంది, లేదా అవతల పడేస్తుంది. గీత ఎంత పైకి జరిగితే కొలత అంత నికరంగా ఉండాలి.

మిషన్ ఎందుకు తప్పుతుందో నాకు బాగా అర్థం చేయించింది కోరుట్ల వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ. జీవితమంతా బీడీలు చుట్టిన మనిషి. ఎడమ కంటికి ఆపరేషన్ అయి ఆరు వారాలు. కంట్లో లెన్స్ నడిమధ్యలో కూర్చుంది, గాయం మానింది, లెన్స్ వెనక పొర తేటగా ఉంది. చీటీ ఇచ్చే ఆ మిషన్, ఆటో రిఫ్రాక్టోమీటర్ మీద మొదటి రీడింగ్‌లో సిలిండర్ ఒకటిన్నర. రెండోదాంట్లో ముప్పావు, యాక్సిస్ కూడా ఇరవై డిగ్రీలు జరిగింది. మూడోసారి మిషన్ అసలు అంకే ఇవ్వలేదు.

"అవ్వా, ఒకసారి కండ్లు గట్టిగ మూసి తెరువు" అన్నాను.

"గట్లనే జేస్తున్న బిడ్డా. మూసి తెరిస్తె మంచిగ అవుపడ్తది. జరంత సేపటికి మల్ల మసక వడ్తది."

ఆమె మాటలోనే రోగనిర్ధారణ ఉంది. ఫ్లోరోసిన్ కాగితం కంటికి తాకించి, స్లిట్ ల్యాంప్‌లో నీలిరంగు వెలుతురు వేసి చూస్తే, ఆకుపచ్చగా పరుచుకున్న కన్నీటి పొర నాలుగు లెక్కపెట్టేలోపే అక్కడక్కడా చిరిగి నల్లటి మచ్చలు తేలాయి. ఆరోగ్యంగా ఉన్న కంట్లో ఆ పొర పది సెకన్లయినా నిలవాలి. కాంతిని వంచే పనిలో మూడింట రెండు వంతులు జరిగేది లోపలి లెన్స్ దగ్గర కాదు, కంటి ముందుభాగంలో గాలికి తగిలే ఆ తడి ఉపరితలం దగ్గరే. అది చిరిగిపోతుంటే వెనక ఎంత మంచి లెన్స్ ఉన్నా, రీడింగ్ రెప్ప వాల్చిన క్షణాన్ని బట్టి మారిపోతుంది. ఆపరేషన్‌లో కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) నరాలు కొన్ని తెగుతాయి, స్పర్శ తగ్గుతుంది, రెప్పపాట్లు తగ్గుతాయి. దాని మీద వారాల తరబడి వేసే చుక్కల్లోని నిల్వమందు కూడా పొరను పాడుచేస్తుంది. డాక్టరు గారు ఆ చుక్కలు ఆపించి, తడి నిలిపే చుక్కలు రాశారు. మళ్ళీ వచ్చినప్పుడు మూడు రీడింగులూ పావు డయాప్టర్ తేడాలో వచ్చాయి. అప్పుడే అద్దాలు రాశాం.

అక్కడ మిషన్‌లో లోపమేమీ లేదు. ఆ క్షణానికి కంటి మీద ఉన్నదాన్ని అది నిజాయితీగానే కొలిచింది. రీడింగుల మధ్య తేడా వచ్చినప్పుడు చాలామంది సగటు తీసి సరిపెడతారు. నేనూ సగటు తీస్తాను, కానీ తేడా ఎందుకొచ్చిందో తెలిశాకే. ఆ తేడా కంటి గురించి ఒక వార్త మోసుకొస్తుంది. సగటు తీసిన మరుక్షణం ఆ వార్త పోతుంది.

లెన్స్ పెట్టిన కన్ను మిషన్‌కు ఇంకా కొన్ని చిక్కులు పెడుతుంది. పుట్టుకతో వచ్చిన లెన్స్ వక్రీభవన గుణకం దాదాపు 1.4 దగ్గర ఉంటుంది. ఇప్పుడు పెడుతున్న ఆక్రిలిక్ లెన్సుల్లో కొన్నిటిది 1.55 దాకా పోతుంది. గుణకం పెరిగితే ఉపరితలం మీద మెరుపు పెరుగుతుంది. స్లిట్ ల్యాంప్ పక్కకు తిప్పితే వయసు మళ్ళిన కంట్లో ఒక్కసారి గాజుముక్కలా తళుక్కుమనేది అదే. మిషన్ పంపే పరారుణ కాంతి రెటీనా నుంచి తిరిగొస్తుంటే, ఈ మెరుపులు దానితో కలిసి లెక్క చెడగొడతాయి. దానికి తోడు మా పేషెంట్లలో వయసువల్ల, షుగరువల్ల కంటిపాప చిన్నదైపోయి ఉంటుంది. మిషన్ చూడ్డానికి కిటికీయే ఇరుకైనప్పుడు రీడింగ్ నిలకడగా రావడం కష్టం.

హైదరాబాద్‌లో శిక్షణ కాలంలో హార్ట్‌మన్–షాక్ పద్ధతిలో పనిచేసే అబెరోమీటర్ చూశాను. దాని వెనక ఉన్న ఆలోచన ఖగోళ శాస్త్రానిది. జర్మనీలో హార్ట్‌మన్ 1900 ప్రాంతంలో టెలిస్కోపు అద్దాలను పరీక్షించడానికి కనిపెట్టిన పద్ధతిని, 1970లలో అమెరికాలో షాక్ చిన్న చిన్న లెన్సుల పలకతో మెరుగుపరిచాడు. 1994లో దాన్ని మనిషి కంటికి వాడి చూపించారు. సన్నని కాంతి కిరణం రెటీనా మీద పడుతుంది, అక్కడి నుంచి తిరిగి కంటిపాప గుండా బయటికొస్తుంది, వందల బుల్లి లెన్సులు దాన్ని చుక్కల వరుసలుగా పట్టుకుంటాయి. ఏ చుక్క తన చోటు నుంచి ఎంత జరిగిందో చూసి కంటిలోని వంకరలన్నిటినీ మిషన్ లెక్కగడుతుంది. సిలిండర్‌తో సరిదిద్దలేని సూక్ష్మ దోషాలు కూడా రంగుల పటంలా తెర మీదికొస్తాయి. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. నమ్మడానికి మాత్రం కొన్ని షరతులున్నాయి.

అందులో మొదటిది కంటిపాప వెడల్పు. ఆ సూక్ష్మ దోషాల్లో ఒకటైన గోళీయ దోషం కంటిపాప వ్యాసార్ధం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే మూడు మిల్లీమీటర్ల కంటిపాపకు వచ్చిన అంకెను ఆరు మిల్లీమీటర్లకు వచ్చిన అంకె పక్కన పెట్టి "దోషం పదహారు రెట్లు పెరిగింది" అంటే, కన్ను ఏమీ మారకపోయినా మారినట్టే కనిపిస్తుంది. ఎన్ని మిల్లీమీటర్లకు తీసిన కొలతో రాయని రిపోర్టును నేను పక్కన పెట్టేస్తాను. ఇంకొక షరతు లెన్స్ రకానికి సంబంధించింది. దూరం, దగ్గర రెండూ చూపించడానికి వలయాలు చెక్కిన మల్టీఫోకల్ లెన్సులు మన కంటికి కనిపించే కాంతికి తగ్గట్టు తయారైనవి. పరారుణ కాంతి ఆ వలయాల దగ్గర అదే నిష్పత్తిలో విడిపోదు. కాబట్టి మిషన్ చూసేది, మనిషి చూసేది రెండు వేర్వేరు కళ్ళ కింద లెక్క. మరో సంగతి, హార్ట్‌మన్–షాక్ మిషన్ వంకరను కొలుస్తుందే తప్ప కాంతి చెదరడాన్ని దాదాపు పట్టించుకోదు. ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు లెన్స్ వెనక పొర మసకబారితే పేషెంటుకు ఎదురుగా వచ్చే లారీ లైటు పొగమంచులా విచ్చుకుపోతుంది. రంగుల పటం మాత్రం పచ్చగా, చల్లగా ఉంటుంది. చెదిరిన కాంతిని కూడా పట్టాలంటే డబుల్ పాస్ పద్ధతి మిషన్లు కావాలి. రెటీనా మీద పడ్డ చుక్క బొమ్మను యథాతథంగా ఫొటో తీసి, అది ఎంత విచ్చుకుందో చూస్తాయవి. మా జిల్లాల్లో ఆ పని స్లిట్ ల్యాంప్, దాని వెనక కూర్చున్న డాక్టరు కళ్ళు చేస్తాయి. చాలావరకు బాగానే చేస్తాయి.

కొన్నిచోట్ల ఈ రంగుల పటాన్ని ఖరీదైన లెన్స్ అమ్మడానికి సాక్ష్యంగా చూపించడం విన్నాను. "చూడండి, ఆపరేషన్ తర్వాత ఎంత బాగుందో" అని. ఒక్కసారి తీసిన పటం దేనికీ సాక్ష్యం కాదు. రెండు మూడుసార్లు తీసి, పక్కపక్కన పెట్టి చూపించమనండి.

ఈ నిలకడను లెక్కలో పెట్టడం ఎలాగో చెప్పినవాళ్ళు ఇద్దరు బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞులు, బ్లాండ్, ఆల్ట్‌మన్. 1986లో లాన్సెట్ పత్రికలో వాళ్ళు రాసిన వ్యాసం వైద్యంలో అతి ఎక్కువగా ప్రస్తావించే వ్యాసాల్లో ఒకటి. అంతదాకా రెండు కొలతలు సరిపోలుతున్నాయా అని అడిగితే అందరూ వాటి మధ్య సహసంబంధం ఎంతో చెప్పి ఊరుకునేవారు. సహసంబంధం బాగున్నంత మాత్రాన ఒకదాని బదులు ఇంకోటి వాడుకోవచ్చని అర్థం కాదని వాళ్ళు చూపించారు. ఒక మిషన్ ఎప్పుడూ ఒక డయాప్టర్ ఎక్కువే చూపిస్తున్నా సహసంబంధం పూర్తిగా ఉంటుంది, అద్దాలు మాత్రం పనికిరావు. ఒకే కంటికి మళ్ళీ మళ్ళీ తీసిన రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో లెక్కగట్టి, దాన్ని 2.77తో హెచ్చవేస్తే, అదే కంటి రెండు కొలతల మధ్య నూటికి 95 సార్లు ఎంతలోపు తేడా ఉండొచ్చో తెలుస్తుంది. ఆ హద్దు ముప్పావు డయాప్టర్ అని తేలిందనుకోండి, అర డయాప్టర్ మార్పు చూసి "కన్ను మెరుగైంది" అనడానికి మనకు హక్కు లేదు. ఈ ఒక్క లెక్క మా వృత్తిలో ప్రతివాళ్ళకూ బట్టీ రావాలని నేను గట్టిగా అనుకుంటాను.

దీన్ని నాకంటే బాగా చెప్పినవాడు ఇచ్చోడ దగ్గరి పత్తి రైతు. శిబిరంలో మూడోసారి గడ్డం పెట్టమన్నప్పుడు విసుక్కుంటాడేమో అనుకున్నాను. ఆయన నవ్వి, "మార్కెట్ల తేమ మిషన్ గిట్లనే బిడ్డా. ఒక్క బండిల నాలుగు తావుల వెడ్తె నాలుగు తీర్ల జూపెడ్తది. ఒక్కటి జూసి ధర కోస్తె ఊకుంటమా?" అన్నాడు. ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) తేమ 8 శాతం దాటితే ధర కోస్తుంది, 12 దాటితే కొననే కొనదు. ఒక్క శాతం దగ్గర గంటల తరబడి వాదించే రైతు, కంటికి మాత్రం ఒక్క రీడింగ్‌తో ఎందుకు ఒప్పుకోవాలి?

ఆపరేషన్ తర్వాత కొలత గురించి మాట్లాడుతూ ముందు తీసే కొలతను వదిలెయ్యలేం. 1949 నవంబర్ 29న లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో హెరాల్డ్ రిడ్లీ మొట్టమొదటి లెన్స్ కంట్లో పెట్టాడు. ఆపరేషన్ విజయవంతమైంది, కానీ పేషెంటుకు దాదాపు 18 డయాప్టర్ల మైనస్ నంబరు వచ్చింది. కంట్లో అసలు లెన్స్ ఆకారాన్ని చూసి, దాదాపు అదే ఆకారంలో ప్లాస్టిక్ లెన్స్ చేయిస్తే, ప్లాస్టిక్ కాంతిని ఎక్కువ వంచేసింది. ఇవాళ ప్రతి కంటికీ పొడవు, కార్నియా వంపు కొలిచి లెన్స్ పవర్ లెక్కగడతారు. శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ 1980లో ఇచ్చిన సూత్రం ప్రకారం పొడవులో ఒక మిల్లీమీటర్ తప్పితే లెన్స్ పవర్‌లో రెండున్నర డయాప్టర్లు తప్పుతుంది. కాంతితో కంటి పొడవు కొలిచే మిషన్లు 1999 నుంచి వచ్చాయి, చాలా నికరమైనవి. కానీ ఆదిలాబాద్ అడవుల్లోని గూడేల నుంచి వచ్చే ముసలివాళ్ళ శుక్లం అప్పటికే తెల్లగా పండిపోయి ఉంటుంది. కాంతి దానిలోంచి దూరదు. అప్పుడు శబ్ద తరంగాల ప్రోబే దిక్కు. దాన్ని కార్నియాకు కాస్త గట్టిగా ఆనిస్తే చాలు, కన్ను ఒత్తుకుని పొడవు తగ్గినట్టు చూపిస్తుంది. అక్కడా మళ్ళీ మళ్ళీ కొలవడమే మందు. చెయ్యి తేలిగ్గా ఉన్న టెక్నీషియన్ తీసిన రీడింగులు దగ్గర దగ్గరగా వస్తాయి. పండిన శుక్లాలకు మా దగ్గర అలాంటి చెయ్యి ఖరీదైన మిషన్‌తో సమానం.

ఒక మాట శిబిరాల తరఫున కూడా చెప్పాలి. జైనూరు, నార్నూరు, కెరమెరి ఘాట్ రోడ్ల మీదుగా వచ్చినవాళ్ళు ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పించుకుని ఇంటికి పోతారు. నెల తర్వాత రమ్మంటే వాన, వాగు, కూలి పని, తోడొచ్చే మనిషి లేకపోవడం. అందుకని చాలా రికార్డుల్లో ఆ మర్నాటి చూపే మిగిలిపోతుంది. దీని మీద ప్రెకాగ్ అనే అధ్యయనం పది దేశాల్లోని 40 ఆస్పత్రుల్లో జరిగింది, 2013లో ప్రచురించారు. ఒక ఆస్పత్రి పని ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆ తొలి రోజుల చూపు కొలత కూడా పనికొస్తుందని తేలింది. ఇది శిబిరాలకు ఊరట. కానీ వందలమంది సగటుకు నమ్మదగ్గ అంకె, ఒక్క మనిషి కళ్ళద్దాలకు నమ్మదగ్గది కాదు. మర్నాడు కార్నియా ఇంకా ఉబ్బి ఉంటుంది, కుట్టు లేని ఆరేడు మిల్లీమీటర్ల కోత ఇంకా సర్దుకుంటూ ఉంటుంది. సిలిండర్ స్థిరపడేది నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే.

కొలతలన్నీ నిలకడగా వచ్చినా అవి మనిషి బతుకును తాకాయా లేదా అన్నది ఇంకా మిగులుతుంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పనివాళ్ళకు వెంట్రుకంత సన్నని తీగ మెలిక తిప్పాలి. ఆపరేషన్ తర్వాత అలాంటి చేతికి దూరపు చూపు 6/6 వచ్చిందని రాసి పంపితే సరిపోదు. బల్ల మీద తీగ, పటకారు పెట్టించి, ఏ దూరంలో తేటగా కనిపిస్తుందో అద్దాలు మార్చి మార్చి చూడాలి. సిరిసిల్లలో మగ్గం మీద తెగిన పోగు వెతికే నేతన్నకు కావాల్సిన దూరం వేరు. ఏ చీటీ మీదా ఆ దూరం అచ్చవ్వదు. అడిగి తెలుసుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు పేరుతో కంటి పరీక్షలు మొదలుపెట్టి, 2023లో రెండో విడత జరిపాక, ఊరూరా జనానికి కంప్యూటర్ కంటి పరీక్ష అలవాటైంది. అది మంచి మార్పు. జనం మిషన్ దాకా వచ్చారు కాబట్టి, మిషన్ దగ్గర కూర్చున్న మనం ఇంకొంచెం పని చెయ్యాలి. నాతోటి ఆప్టోమెట్రిస్టులను, విజన్ టెక్నీషియన్లను నేను అడిగేది ఇంతే: లెన్స్ పెట్టిన కంటికి కనీసం మూడు రీడింగులు తియ్యండి, మూడింటినీ రాయండి, ఆఖరి చుక్కలు ఎప్పుడు వేశారో, కంటిపాప ఎంతుందో పక్కనే రాయండి. మూడూ కలవకపోతే అద్దాలు ఆపి, కంటిని డాక్టరుకు చూపించండి. శిబిరాలు పెట్టే సంస్థలు ఆపరేషన్ల సంఖ్యతో పాటు నెల తర్వాత తిరిగొచ్చినవాళ్ళ సంఖ్య కూడా ప్రకటించాలి. ఆ రాకపోకలకు బస్సు ఖర్చు పెట్టుకోవాలి. దుబాయ్‌లోనో ముంబైలోనో ఉన్న కొడుకులకూ కూతుళ్ళకూ ఒక విన్నపం: అమ్మకో నాన్నకో ఆపరేషన్ అయ్యిందని ఫోనులో తెలిసిన రోజే, ఆరు వారాల తర్వాతి తారీఖు రాసి పెట్టుకుని, ఆ రోజు వాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్ళే మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టండి. మర్నాటి చీటీతో అద్దాలు చేయించకండి.